చక్‌కు పట్టూ విడుపూ

నిలువు డ్రిల్లింగ్ మిషన్‌లో బిట్టును పట్టుకునేది చక్. ఆ చక్‌ను పట్టుకున్నది ఏమిటో మాత్రం పైకి కనిపించదు. బోల్టు ఉండదు, పిన్ను ఉండదు, చాలా మిషన్లలో మర కూడా ఉండదు. పోనుపోను సన్నబడే ఉక్కు కడ్డీ ఒకటి, అదే కొలతన లోపలికి సన్నబడే ఉక్కు గుంట ఒకటి, ఆ రెంటి నడుమ రాపిడి. టేకు చెక్కలో లావుపాటి బెజ్జం వేసేటప్పుడు మోటారు తిప్పే బలమంతా బిట్టుకు చేరేది ఆ రాపిడి మీదుగానే. ఈ సంగతి తెలియక చక్‌ను ఊడదీయబోయిన కొత్తవాడు ముందు స్పానర్ కోసం వెతుకుతాడు, దొరికిన చోటల్లా తిప్పి చూస్తాడు, చివరికి సుత్తి అందుకుంటాడు. ఆ దెబ్బలకు పాడయ్యేది చక్ కాదు, దాని పైనున్న స్పిండిలూ బేరింగులూను. చక్ పోతే బజార్లో ఇంకొకటి దొరుకుతుంది. పాత మిషన్‌కు స్పిండిల్ దొరకడం అంత తేలిక కాదు.

ఇలా సన్నబడే అమరికను షాపుల్లో టేపర్ అంటారు. మెలికల డ్రిల్ బిట్టుకు 1863లో పేటెంటు పొందిన అమెరికన్ స్టీఫెన్ మోర్స్, ఆ దశకంలోనే ఈ టేపర్ కొలతలను కూడా కుదిర్చాడు. ఇప్పటికీ అది అతని పేరు మీదే, 0 నుంచి 7 దాకా నంబర్లతో నడుస్తోంది. వడ్రంగం షాపుల్లో కనిపించే చిన్న, మధ్యరకం డ్రిల్లింగ్ మిషన్లలో ఎక్కువ భాగం 2వ నంబరువి. దాని లావు వైపు కొలత 17.78 మి.మీ. అక్కడినుంచి ప్రతి 20 మి.మీ. పొడవుకు లావు సుమారు 1 మి.మీ. చొప్పున తగ్గుతుంది. ఒక్కో పక్క వాలు ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదన్నమాట. పొడి ఉక్కు మీద పొడి ఉక్కు తనంతట తాను జారాలంటే వాలు ఎనిమిది డిగ్రీలైనా దాటాలి. అందుచేత ఒకసారి గట్టిగా తోసి కూర్చోబెట్టిన టేపర్ దానంతటది జారిపోదు. గుద్దలికి కామ బిగించే పద్ధతి కూడా ఇదే: కామను నేలకు రెండు దెబ్బలు వేస్తే గుద్దలి బిగుస్తుంది, మేకు అక్కర్లేదు.

ఈ పట్టుకు రెండు షరతులు ఉన్నాయి. బలం టేపర్ పొడవు వెంటే పడాలి, పక్కనుంచి పడకూడదు. రెండు ఉక్కు తలాలూ చుట్టూతా ఒకదానికొకటి ఆనాలి. చెక్కపని మిషన్లలో ఈ రెండు షరతులూ తరచుగా తప్పుతాయి. వంపు తిరిగిన చెక్క అంచులను నున్నగా చేయడానికి చక్‌లో ఇసుక కాగితపు డ్రమ్ము బిగించి, చెక్కను పక్కనుంచి దానికి నొక్కడం మామూలే. ఆ పక్క ఒత్తిడి, అదురు టేపర్‌ను కొద్దికొద్దిగా వదులు చేస్తాయి. చివరికి తిరుగుతున్న చక్ డ్రమ్ముతో సహా ఊడి బల్ల మీద పడి దొర్లుతుంది. చాలామంది దీన్ని చక్ లోపం అంటారు. కాదు, వాడకంలో లోపం. డ్రమ్ముతో పని చేయక తప్పకపోతే చెక్కను మెల్లగా, తక్కువ ఒత్తిడితో తాకించాలి. మధ్యమధ్య మిషన్ ఆపి చక్ కూర్చున్న తీరు చూసుకోవాలి. డ్రమ్ముకు కింద కూడా ఆధారం ఉండే ప్రత్యేకమైన సాండింగ్ మిషన్ ఉంటే పని దాని మీద చేసుకోవడమే మంచిది.

రెండో షరతును చెడగొట్టేది పొట్టు. లోహపు రజను బరువుగా కింద రాలిపోతుంది. చెక్క పొడి గాలిలో తేలి ప్రతి సందులోకీ దూరుతుంది, అంతటితో ఊరుకోకుండా తేమను పీల్చుకుంటుంది. కోస్తా ఊళ్లలో వానాకాలం రెండు వారాలు మిషన్ వాడకుండా వదిలేస్తే ఆ తేమ పొడి ఆనిన చోటల్లా ఉక్కుకు తుప్పు మచ్చ పడుతుంది. నల్లతుమ్మలాంటి వగరు చెక్కల్లో ఉండే టానిన్ తేమతో కలిసి ఇనుమును నల్లబరుస్తుంది కూడా. అడుగున చిక్కిన రేణువు ఎంత చిన్నదైనా దాని ఫలితం కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. 2వ నంబరు టేపర్ ఆనే పొడవు సుమారు 65 మి.మీ. ఒక కొసన ఒకే పక్క 0.05 మి.మీ. రేణువు చిక్కిందనుకుంటే, టేపర్ కింద 100 మి.మీ. దూరాన ఉన్న బిట్టు కొన దాదాపు 0.08 మి.మీ. పక్కకు జరుగుతుంది. తిరిగేటప్పుడు అటూ ఇటూ కలిపి ఊపు అంతకు రెట్టింపు. తలుపు గడియకు వేసే బెజ్జానికి ఇది లెక్కలోది కాదు. డవెల్ కొయ్యలు బిగుతుగా దిగాల్సిన బెజ్జాలు మాత్రం దీనితో వదులవుతాయి.

కాబట్టి బిట్టు ఊగుతోందని చక్‌ను ఊడదీయడానికి ముందే ఊపు ఎక్కడిదో తేల్చుకోవాలి. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. ముందు బిట్టు మార్చి చూడాలి. వంగిన బిట్టు వల్ల నింద పడిన చక్‌లు తక్కువేమీ కాదు. తర్వాత క్విల్‌ను, అంటే హ్యాండిల్ తిప్పితే కిందికి దిగే గొట్టాన్ని, పూర్తిగా దింపి చక్‌ను చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ కదపాలి. టకటకమని కదిలితే లూజు క్విల్‌లోనో బేరింగులోనో ఉంది. చక్ ఎన్నిసార్లు విప్పి బిగించినా అది పోదు. కదలిక లేకపోతే, నిటారుగా ఉందని నమ్మకమైన ఉక్కు కడ్డీ ఒకటి చక్‌లో బిగించి, డయల్ గేజ్ ముల్లు దానికి ఆనించి, స్పిండిల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పాలి. డయల్ గేజ్ లేని షాపులో సన్నని రేకు ముక్కను కడ్డీకి దగ్గరగా బిగించి మధ్య సందు మారుతోందేమో వెలుతురులో చూసినా అంచనా తెలుస్తుంది. చెక్కపనికి 0.1 మి.మీ. లోపు ఊపు ఉంటే ఆ చక్ జోలికి పోకపోవడమే తెలివి. బాగున్న టేపర్‌ను ఊరికే ఊడదీసి మళ్లీ కూర్చోబెడితే వెనకటికంటే బాగా కూర్చుంటుందన్న హామీ లేదు.

ఊడదీయాల్సిందే అని తేలినప్పుడు, ఆ మిషన్‌లో ఎన్ని అతుకులు ఉన్నాయో చూడాలి. సాధారణంగా రెండు. స్పిండిల్ లోపల గుంటలో కూర్చునేది ఆర్బర్ అనే కడ్డీ. దాని పై భాగం మోర్స్ టేపర్, కింది భాగం వేరే పొట్టి టేపర్. ఆ పొట్టి టేపర్ మీద చక్ వెనుక భాగం కూర్చుంటుంది. ఈ పొట్టి టేపర్‌లో జేకబ్స్ 6, జేకబ్స్ 33, బి16, బి18 అని రకరకాల కొలతలున్నాయి. చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి సగం దాకా దిగుతాయి కూడా. కొత్త చక్ కొనేవాడు వెనుక చెక్కిన నంబరు చూడకుండా కొంటే ఈ సగం దిగుడే మిగులుతుంది. కొన్ని చిన్న మిషన్లలో ఆర్బర్ ఉండదు. స్పిండిల్ కింది కొసే టేపర్‌గా ఉండి, చక్ నేరుగా దాని మీద కూర్చుంటుంది.

తేడా తెలుసుకునే దారి సులభం. క్విల్‌ను దింపితే దాని పక్కన నిలువుగా పొడవాటి గాడి కనిపిస్తే ఆర్బర్ ఉన్నట్టు. లోపలి స్పిండిల్‌కు కూడా అలాంటి గాడే ఉంటుంది. చక్‌ను చేత్తో తిప్పుతూ పోతే రెండు గాళ్లూ ఒకదానికొకటి ఎదురై అటునుంచి వెలుతురు కనిపిస్తుంది. ఆ సందులో పైన ఖాళీ, దాని కింద ఆర్బర్ తలమీది చదునైన నాలుక కనిపిస్తాయి. మోటారు బలాన్ని అందించేది ఈ నాలుకే అని చాలామంది అనుకుంటారు. టేపర్ బాగా కూర్చుంటే దాని మీద పడే బరువు దాదాపు ఏమీ ఉండదు. అది అక్కడున్నది ముఖ్యంగా ఊడదీయడం కోసమే.

ముందు ప్లగ్ పీకాలి. స్విచ్ ఆపితే చాలదు. చక్‌లోని బిట్టు తీసేయాలి. బల్లను పైకి జరిపి, దాని మీద మెత్తని చెక్క పలక వేసి, చక్‌కూ పలకకూ మధ్య మూడు నాలుగు వేళ్ల ఎడం మాత్రమే ఉంచాలి. 13 మి.మీ. చక్ ఆర్బర్‌తో కలిసి కిలో బరువు దాకా తూగుతుంది. అది ఇనుప బల్ల మీద పడితే దవడల కొనలు చితుకుతాయి, కాలి మీద పడితే చెప్పనక్కర్లేదు. ఇక కావలసింది డ్రిఫ్ట్. ఒక వైపు వెడల్పుగా మొదలై రెండో వైపు సన్నబడే చదునైన ఉక్కు పట్టీ అది. దాని ఒక అంచు గుండ్రంగా, ఇంకో అంచు చదునుగా ఉంటుంది. గుండ్రని అంచు పైకి, చదును అంచు కిందికి ఉండేలా గాడిలో దూర్చి, ఒక చేత్తో చక్‌ను పట్టుకుని, డ్రిఫ్ట్ వెడల్పు కొస మీద చిన్న సుత్తితో టక్కున ఒక్క దెబ్బ వేయాలి. నెమ్మదిగా పది దెబ్బలు కొట్టేకంటే గట్టి చిన్న దెబ్బ ఒకటి నయం. డ్రిఫ్ట్ లోపలికి చొరబడేకొద్దీ నాలుకను కిందికి నెడుతుంది. వెంట్రుకవాసి కదిలితే చాలు, ఒకటిన్నర డిగ్రీ వాలు పట్టు ఒక్కసారిగా వదిలేస్తుంది, చక్ చేతిలోకి దిగుతుంది.

ఇక్కడ ఏ బలం ఎటు పోతోందో గమనించాలి. వాలుతో బిగిసిన దాన్ని వదిలించేది ఇంకో వాలే. తిప్పే బలం దానికి పనికిరాదు. పైపు రెంచితో చక్‌ను పట్టి మెలిపెట్టే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది. దానివల్ల చక్ మీద పళ్ల గాట్లు పడతాయి, టేపర్ లోపల గీతలు పడతాయి. ఊడినా ఆ గీతలు శాశ్వతం. దెబ్బకు కదలకపోతే టేపర్ చుట్టూ తుప్పు కరిగించే పలచని నూనె రాసి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు స్పిండిల్ కింది కొసను హెయిర్ డ్రయ్యర్‌తోనో వేడిగాలి గన్‌తోనో చెయ్యి ఆన్చలేనంత వేడి చేసి వెంటనే డ్రిఫ్ట్ కొట్టాలి. బయటి ఉక్కు ముందు వ్యాకోచిస్తుంది గనుక పట్టు సడలుతుంది. మంటతో కాల్చకూడదు. బేరింగులోని గ్రీజు కరిగి కారిపోతుంది, పక్కనున్న రంపపు పొట్టు అంటుకునే ప్రమాదం వేరే.

ఆర్బర్ నుంచి చక్‌ను విడదీయడానికి, లేదా గాడి లేని మిషన్ స్పిండిల్ నుంచే తీయడానికి, జంట ఆప్పులు వాడతారు. గుర్రపు నాడా ఆకారంలో చీలి, ఒక కొస దళసరిగా, ఇంకో కొస పలచగా ఉండే రెండు ఉక్కు ముక్కలు ఇవి. చక్ వీపుకూ ఆర్బర్ భుజానికీ మధ్య సందులో రెండు వైపులనుంచి వీటిని ఎదురెదురుగా దూర్చి వైస్‌లో నొక్కితే చక్ టక్కుమని లేస్తుంది. ఒక్క వైపు నుంచి స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే ఆర్బర్ వంగుతుంది. సందు చాలనప్పుడు ఇంకో దారి ఉంది. చాలా చక్‌ల లోపలి మధ్య భాగం మెత్తని ఉక్కు. దవడలు పూర్తిగా తెరిచి, మూతి వైపు నుంచి ఆ మధ్యలో చిన్న బెజ్జం వేసి, అందులో ఉక్కు కడ్డీ దూర్చి ఆర్బర్‌ను వెనక్కి తోసేయవచ్చు. బెజ్జం వల్ల చక్ పనితనానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

చేతి డ్రిల్లు సంగతి వేరు. అందులో చక్ మర మీద కూర్చుంటుంది, ఎక్కువగా అర అంగుళం మర, అంగుళానికి 20 చుట్లు. వెనక్కి కూడా తిరిగే డ్రిల్లుల్లో దవడలు పూర్తిగా తెరిస్తే లోతున చిన్న స్క్రూ కనిపిస్తుంది. అది ఎడమ మరది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పితే వదులవుతుంది. మామూలు స్క్రూ అనుకుని ఎదురు తిప్పి దాని తల అరగదీసిన తర్వాత విషయం తెలిసినా ప్రయోజనం ఉండదు. స్క్రూ తీశాక దవడల్లో లావుపాటి అలెన్ కీ బిగించి, దాని పొడుగు కాడ మీద గడియారానికి ఎదురు దిశలో ఒక్క దెబ్బ కొడితే చక్ మర వదులుతుంది.

ఊడిన చక్‌ను విప్పాలా, పైపైన శుభ్రం చేస్తే చాలా అన్నది దవడల కదలిక చెబుతుంది. తాళంతో తిప్పే ఈ చక్ 1902 నాటిది. పాతకాలపు చక్‌ను స్పానర్‌తో బిగిస్తూ వేలి కణుపులు దెబ్బ తగిలించుకున్న ఆర్థర్ జేకబ్స్ అనే అమెరికన్ దీన్ని కనిపెట్టాడు. ఆ తర్వాత మెరుగులు దిద్దినా మూలం మారలేదు. బాడీలో వాలుగా దిగిన మూడు బెజ్జాలు, వాటిలో జారే మూడు దవడలు, వాటి వీపున మరలు. ఆ మూడింటినీ చుట్టిన నట్టు ఒకటి, దాన్ని పట్టి తిప్పే పళ్ల స్లీవ్ ఒకటి. చక్ కీ తిప్పితే స్లీవ్‌తో పాటు నట్టు తిరిగి మూడు దవడలనూ ఒకేసారి కిందికో పైకో తీసుకుపోతుంది. దవడలు కిందికి దిగుతూనే దగ్గరవుతాయి.

తిప్పితే అక్కడక్కడా పట్టేస్తూ, కరకరలాడుతూ ఉంటే లోపల పొట్టు చేరినట్టు. చాలాసార్లు విప్పకుండానే పని జరుగుతుంది. చక్‌ను కిరసనాయిల్లో ముంచి, దవడలు పూర్తిగా తెరుస్తూ మూస్తూ ఉంటే లోపలి మడ్డి బయటికి వస్తుంది. కిరసనాయిలు నల్లబడడం మానేదాకా మార్చాలి. తర్వాత మూతి కిందికి పెట్టి ఒక పూట ఆరనివ్వాలి. చెక్కలోని బంక ఎండి గట్టిపడితే దానికి కిరసనాయిలు అంతగా పనిచేయదు, టర్పెంటైన్ లేదా స్పిరిట్ కావాలి.

అప్పటికీ కదలిక బాగుపడకపోతే స్లీవ్ ఊడదీయాలి. అది నట్టు మీద బిగుతుగా నొక్కి ఎక్కించినది, మర లేదు. దవడలను మూతి లోపలికి పూర్తిగా తీసుకుని, తగిన కొలత గొట్టపు ముక్క మీద చక్‌ను మూతి పైకి వచ్చేలా నిలబెట్టాలి. చక్ వెనుక భాగం గొట్టంలోకి దిగాలి, స్లీవ్ అంచు గొట్టం అంచు మీద ఆనాలి. అప్పుడు మూతి మీద ప్రెస్‌తోనో పెద్ద వైస్‌తోనో నొక్కితే బాడీ కిందికి జారి స్లీవ్ చేతికి వస్తుంది. లోపల నట్టు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. విరిగిపోయిందని బెంబేలు పడనక్కర్లేదు. దవడల చుట్టూ అమర్చడానికి వీలుగా కర్మాగారంలోనే దాన్ని పూర్తిగా తయారుచేసి తర్వాత రెండుగా విరుస్తారు. ఆ రెండు ముక్కల విరుపు గరుకులు ఒకదానితో ఒకటే సరిపోతాయి. రెండు చక్‌లు ఒకేసారి విప్పి పళ్లెంలో భాగాలు కలిపేసినవాడికి ఈ సంగతి బాధపెట్టి మరీ తెలుస్తుంది.

దవడలు కూడా ఒకేలా కనిపించినా ఒకటి కావు. నట్టు మర మెలికగా పోతుంది గనుక మూడు దవడల వీపు మరలూ ఒకదానికొకటి మూడో వంతు చుట్టు ఎడంతో కోసి ఉంటాయి. అందుకే చాలా చక్‌లలో దవడల మీద 1, 2, 3 అంకెలుంటాయి. అంకెలు లేకపోతే తీసేముందే దవడకూ దాని బెజ్జానికీ మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి. వరుస తప్పితే నట్టు ఎక్కుతుంది గానీ మూడు కొనలూ ఒకచోట కలవవు. అన్నిటినీ పళ్ల బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, దవడల కొనలు చూడాలి. మూతి వైపు వెడల్పుగా అరిగి, లోపలి వైపు మాత్రమే బిట్టును పట్టే దవడలున్న చక్ పని అయిపోయినట్టే. వాటిని సాన పట్టించే ఖర్చుకు కొత్త చక్ వస్తుంది.

నూనె ఎంత అన్నది చెక్కపనిలో అసలు ప్రశ్న. ఇనుము పని షాపు నుంచి వచ్చినవాళ్లు గ్రీజు పూస్తారు. పొట్టు ఎగిరే చోట గ్రీజు రెండు రోజుల్లో బంకమన్నులా తయారవుతుంది, తిరగడానికి పూసింది తిరగకుండా చేస్తుంది. నట్టు మరల మీద కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు వేసి, పైకి వచ్చింది గుడ్డతో తుడిచేస్తే చాలు. గ్రాఫైట్ పొడి ఇంకా మంచిది, కాకపోతే లేతరంగు చెక్కకు నల్లటి వేలిముద్రలు అంటుతాయి.

నట్టు ముక్కలు పొందిగ్గా కలిపి, మూడు కొనలూ ఒకే ఎత్తులో ఉన్నాయని చూసి స్లీవ్ నొక్కాలి. నొక్కాక దవడలను పూర్తిగా మూసి తెరిచి, కదలిక సమంగా ఉందో చూసుకోవాలి.

టేపర్ శుభ్రతకు మాత్రం పైన చెప్పిన నూనె సూత్రం వర్తించదు. అక్కడ చుక్క నూనె కూడా ఉండకూడదు. పట్టు అంతా రాపిడిదే గనుక నూనె ఆ పట్టును సగానికి సగం తగ్గిస్తుంది. స్పిండిల్ గుంటలో గుడ్డ చుట్టిన కర్రను దూర్చి స్పిరిట్‌తో తుడవాలి. గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా తుడవాలి. వేలితో లోపలంతా తడిమి చూస్తే పొడుచుకొచ్చిన మచ్చ ఏదైనా తగులుతుంది. ఆర్బర్ మీదిదైతే సన్నని నూనె సానరాయితో ఆ మచ్చ వరకే రుద్దాలి. ఆకురాయి, ముతక ఎమరీ కాగితం దగ్గరికి రానివ్వకూడదు. మచ్చ తీయడానికి దిగి టేపర్ ఆకారమే మార్చేసే ప్రమాదం ఉంది. స్పిండిల్ లోపల గీతలు పడితే 2వ నంబరు మోర్స్ రీమర్‌ను చేత్తో, మెల్లగా, ఒకే దిశలో రెండు చుట్లు తిప్పి మచ్చ ఎత్తు వరకే తీయాలి. ఆనుడు సరిగా ఉందో లేదో చూడ్డానికి ఆర్బర్ మీద నీలిరంగు పేస్టు పలచగా రాసి లోపల తోసి తీస్తే, రంగు చెరిగిన చోట్లు ఉక్కు ఉక్కును తాకిన చోట్లు. ముఖ్యంగా లావు వైపు చుట్టూతా చెరగాలి.

తిరిగి కూర్చోబెట్టే పని చూడ్డానికి చిన్నది. దవడలను పూర్తిగా లోపలికి తీసుకోవాలి. ముందు ఆర్బర్ మీదికి చక్‌ను, తర్వాత స్పిండిల్‌లోకి ఆర్బర్‌ను ఎక్కించాలి. ఆర్బర్ నాలుక స్పిండిల్ లోపలి గాడికి ఎదురుగా వచ్చేలా తిప్పి, చేత్తో ఒక్క ఊపున పైకి తోస్తే అది పట్టుకుంటుంది. తర్వాత బల్ల మీద చెక్క పలక వేసి, క్విల్ హ్యాండిల్‌తో చక్‌ను దాని మీదికి గట్టిగా నొక్కాలి. కొయ్య సుత్తితో కింది నుంచి ఒక దెబ్బ వేసినా చాలు. దవడలు బయటికి ఉండగా ఇనుప సుత్తితో కొట్టినవాడు చక్‌ను బాగు చేసిన రోజే పాడు చేసుకుంటాడు.

మళ్లీ డయల్ గేజ్ పెట్టి చూడాలి. ఊపు ఇంకా ఎక్కువగా ఉంటే అది ఏ అతుకుదో తెలుసుకోవడానికి పై నుంచి కిందికి రావాలి: ముందు స్పిండిల్ లోపలి తలం, తర్వాత ఖాళీ ఆర్బర్, తర్వాత చక్‌లోని కడ్డీ. ఎక్కడ ముల్లు ఆట మొదలైందో తప్పు అక్కడ. ఆర్బర్‌ను సగం చుట్టు తిప్పి మళ్లీ కూర్చోబెడితే ఒక్కోసారి స్పిండిల్ వంకా ఆర్బర్ వంకా ఒకదాన్నొకటి చంపుకుని ఊపు తగ్గుతుంది. ఇది బాగుచేయడం కాదు, సర్దుకుపోవడం. అయినా చెక్కపనికి సరిపోతుంది.

బాగుపడిన చక్ మళ్లీ చెడకుండా ఉండేది ఎక్కువగా కీ వాడే తీరుతోనే. బిట్టును ఒక్క కీ బెజ్జం దగ్గరే బిగించి వదిలేయకుండా మూడు కీ బెజ్జాల దగ్గరా కొద్దికొద్దిగా బిగిస్తే పట్టు సమంగా కుదురుతుంది. పళ్లు అరిగిన కీ స్లీవ్ పళ్లను కూడా తినేస్తుంది, దాన్ని అప్పుడే మార్చేయాలి. కీ పోకుండా తాడుతో మిషన్‌కు కట్టే అలవాటు మంచిది కాదు. కీ చక్‌లోనే మరిచి స్విచ్ వేస్తే తాడు చుట్టుకుని చేతిని లాక్కుంటుంది. స్ప్రింగు వల్ల తనంతట బయటికి వచ్చే కీలు దొరుకుతాయి, వాటి ధర పెద్దదేమీ కాదు.

చెక్క తిప్పే లేత్‌లో చక్ కథ వేరు. తరిమెన పట్టే పనిలో దిమ్మను పట్టుకునే నాలుగు దవడల చక్ టేపర్ మీద కాక మర మీద ఉంటుంది. లేత్‌ను బట్టి ఆ మర అంగుళం లావున అంగుళానికి 8 చుట్లదో, 33 మి.మీ. లావున 3.5 మి.మీ. పిచ్‌దో అయి ఉంటుంది. లేత్ ముందుకు తిరిగేటప్పుడు మర బిగుస్తుంది. ఉలి ఆనించి ఒత్తిన ప్రతిసారీ అది ఇంకా బిగుస్తుంది. ఉలి ఒక్కసారి గట్టిగా కొరికిందంటే, చక్ వెనుక ముఖం స్పిండిల్ భుజానికి అతుక్కుపోయినంత పని అవుతుంది. ఇక్కడ వాలు ఏదీ లేదు గనుక ఆప్పు పనికిరాదు, ఎదురు తిప్పుడే దారి. దవడల మధ్య బలమైన చెక్క కడ్డీని అడ్డంగా బిగించి, స్పిండిల్‌ను దాని సొంత స్పానర్‌తోనో లాకుతోనో పట్టి, కడ్డీ కొస మీద దెబ్బ కొట్టాలి. కొలతలు భాగించడానికి ఉండే ఇండెక్స్ పిన్నును లాకుగా వాడకూడదు. అది పెద్ద బలానికి తయారు చేసింది కాదు, విరిగితే హెడ్‌స్టాక్ విప్పాల్సి వస్తుంది.

ఈ చక్ లోపల మెలిక గాడి పళ్లెం ఒకటి తిరుగుతూ నాలుగు దవడలనూ ఒకేసారి కదిలిస్తుంది. తడి దిమ్మలను తిప్పే షాపుల్లో ఆ గాడిలో పొట్టు, చెక్క రసం కలిసి గట్టిపడతాయి. దవడలను పూర్తిగా బయటికి తిప్పి తీసి, గాడిని బ్రష్‌తో తోమి, మళ్లీ 1 నుంచి 4 వరకు వరుసగా ఎక్కించాలి. మెలిక గాడి మొదలు 1వ దవడ దగ్గరికి రాగానే దాన్ని దూర్చాలి, తర్వాత 2, 3, 4. వరుస తప్పితే నాలుగూ మధ్యలో కలవవు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలకు తిరుగుతుండగానే లక్క కడ్డీ ఒత్తుతారు, రాపిడి వేడికి లక్క కరిగి పరుచుకుంటుంది. అలాంటి పని చేసే లేత్ చక్‌లో చేరిన లక్కకు కిరసనాయిలు ఎంత పోసినా లాభం లేదు, లక్క కరిగేది స్పిరిట్‌లోనే.

చక్ తిరిగి ఎక్కించేముందు రెండు మరలనూ బ్రష్‌తో శుభ్రం చేసి, చక్ వెనుక ముఖానికీ స్పిండిల్ భుజానికీ మధ్య పలచని ప్లాస్టిక్ వాషర్ వేస్తే ఇంకోసారి అతుక్కుపోదు. మరను ఒక్క చుక్క నూనెతో తడిపి, చేత్తో చివరిదాకా తిప్పి, ఆఖర్న చిన్న ఊపుతో ఆనించాలి. ఇసుక కాగితం పట్టడానికి లేత్‌ను వెనక్కి తిప్పేవాళ్లు చక్ మెడ దగ్గరున్న గ్రబ్ స్క్రూ బిగించి ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఆ స్క్రూ లేని చక్‌ను వెనక్కి తిప్పే పనికి వాడకూడదు.